వంటచెఱకు వర్తకము: కట్టె నెండబెట్టుట, కోయుట, అమ్ముట

చిలుకూరు, కోదాడ ప్రాంతములలో నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద వరి పండించు రైతునకు యాసంగి కోతలు ముగిసిన పిమ్మట వానలు పడువఱకు కొంత తీరిక చిక్కును. ఆ తీరికలో ఒక రంపపు యంత్రమును కొని కట్టెల యడితి పెట్టినచో నాలుగు రూపాయలు మిగులునని పలువురు తలంచుచున్నారు. ఆలోచన చెడ్డది కాదు. కాని యంత్రమును ముందు కొని, కట్టె యెండు సంగతి తరువాత చూచుకొందమనువారు అప్పులపాలగుదురు. ఈ వర్తకములో లాభనష్టములను అన్నిటికంటె ముందుగా తేల్చునది కట్టెలోని నీరు.

అప్పుడే నఱికిన కట్టె బరువులో ఇంచుమించు సగము వఱకు నీరుండును. చెట్టు జాతినిబట్టియు, ఋతువునుబట్టియు ఇది మాఱుచుండును. నూటికి 45 పాళ్లు నీరు గల పచ్చికట్టెను 1,000 కిలోలు కొంటిరనుకొనుడు. అందు నీరు పోగా అసలు కట్టె 550 కిలోలు మాత్రమే. దానిని నూటికి 15 పాళ్ల నీరు మిగులునంతవఱకు ఎండబెట్టినయెడల తూకము 647 కిలోలకు దిగును. తక్కిన 353 కిలోలు గాలిలో కలిసిపోయినవి. లెక్కకొఱకు పచ్చికట్టె ధర కిలో 2 రూపాయలని పెట్టుకొందము. కూలి, కోత, బండి బాడుగ ఏమియు కలుపకయే ఎండుకట్టె కిలోకు 3 రూపాయల 9 పైసలు పడినట్లగును. ఈ లెక్క నెఱుగనివాడు దానిని కిలో 2 రూపాయల 75 పైసలకు అమ్మి, ముప్పాతిక రూపాయి మిగిలినదని సంతసించును. నిజమునకు కిలో యొక్కంటికి 34 పైసలు చేతినుండి పోయినవి.

అట్లయిన పచ్చిగనే అమ్మివేయరాదా యని కొందఱడుగుదురు. బాగుగా నెండిన కట్టె కిలో ఒక్కటి మండినప్పుడు సుమారు 3,500 కిలో క్యాలరీల వేడినిచ్చును. సగము నీరున్న కట్టె 2,000 మించి యీయజాలదు, ఏలయనగా దాని మంటలో కొంత ఆ నీటిని ఆవిరి చేయుటకే ఖర్చగును. పొగ వేఱుగ పుట్టును. ఆ పొగను పీల్చునది పొయ్యి ముందు కూర్చున్న స్త్రీ. ఆమె దగ్గునకు కారణము మీ తూకములోని నీరే. హోటలు వాడు రెండు బండ్లు కొని మూడవసారి మఱియొక అడితికి పోవును.

ఇక కొనువా రెవరను ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో దీపము పథకమును, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చిన పిమ్మట ఇండ్లలో గ్యాసు పొయ్యిలు హెచ్చినవి. కావున ఇంటివంట కొఱకు కట్టె కొనువారిని నమ్ముకొని అడితి పెట్టరాదు. మిర్యాలగూడ, కోదాడ బియ్యపు మిల్లులు చేరువనున్నవి గదా యని ఆశపడుటయు తగదు. ఉప్పుడు బియ్యపు మిల్లులకు తమ ఊకయే కావలసినంత యుండును. ఇటుక బట్టీలవారు ఊక, బొగ్గు, కట్టె వీనిలో ఏది చవుకయో దానినే కాల్తురు. మిగిలినవారు టీ దుకాణములు, చిన్న హోటళ్లు, పెండ్లివంటల మేస్త్రీలు, దహనవాటికలు. వీరిని ఊరూర విచారించి, ఎవరు నెలకెంత కొందురో కాగితముమీద వ్రాసికొనిన పిమ్మటనే తక్కిన పని.

కట్టె దొరకు తావులు ఈ సీమలో మూడు. మొదటిది సర్కారు తుమ్మ. 1877లో కడప జిల్లా కమలాపురమునందు నాటబడిన ఈ చెట్టు నేడు బీళ్లను, చెఱువు శిఖములను ఆక్రమించుకొన్నది. ముల్లు చెడ్డదైనను వేడి మెండు. రెండవది సుబాబుల్, జామాయిల్ తోటలు. లావు మ్రానులు కాగితపు మిల్లునకు పోగా సన్నని కొమ్మలును చివళ్లును చేనిలోనే మిగులును. వానిని తోటయజమానితో ముందుగా మాటాడుకొని చవుకగా కొనవచ్చును. మూడవది గట్లమీది నల్లతుమ్మ, వేప, చింత. వీనిని నఱుకుటకు 2002 నాటి వాల్టా చట్టము ననుసరించి అనుమతి కావలెను. పోరంబోకు చెట్టు ఎవ్వరిదియు కాదనుకొని గొడ్డలి వేయరాదు. బండి రోడ్డెక్కుటకు ముందే ఏ కట్టెకు రవాణా చీటి కావలెనో అటవీశాఖ రేంజి కార్యాలయమున విచారింపవలెను. గన్నేరు కట్టె విషము. రంగు పూసిన చెక్క, ప్లైవుడ్డు ముక్కలు వంటకు పనికిరావు. ఇవి రాశిలో కలియకుండ చూచుకొనుడు.

ఎండబెట్టుటకు మంచి కాలము సంక్రాంతి మొదలు మృగశిర కార్తె ముందువఱకు. పూర్తి దుంగగా నుంచిన కట్టె నెలల తరబడి ఎండదు, బెరడు నీటిని బయటికి పోనీయదు. కావున మొదట కోసి, మణికట్టు లావున చీల్చి, పిమ్మట పేర్చవలెను. నేలమీద రెండు బొంగులో రాళ్లో వేసి వానిపై పేర్చినచో చెదలు పట్టవు. ప్రక్కలు గాలికి విడిచి, పైన మాత్రము రేకుగాని తాటాకుగాని కప్పవలెను. టార్పాలినుతో నలువైపుల మూసినవాడు కట్టెను ఉడుకబెట్టుచున్నాడే గాని ఎండబెట్టుటలేదు. ఎండినదో లేదో తెలియుట కొక సులభోపాయము కలదు. రాశి నడుమ పది ముక్కలకు సున్నపు గుర్తు పెట్టి, వారమున కొకసారి వానిని కలిపి తూచుడు. రెండు వారములు వరుసగా తూకము దిగనిచో కట్టె సిద్ధము. ముందు పేర్చినదానిని ముందమ్మవలెను. సుబాబుల్ కట్టెను ఏండ్ల తరబడి నిలువయుంచినచో పురుగు తొలిచి పిండి చేయును.

చితుకుల అమ్మకమును చిన్నచూపు చూడరాదు. కాలువ యెక్కని మెట్టచేలలో కంది, పత్తి, మిరప కట్టెలను రైతులు ఊరక తగులబెట్టుచున్నారు. కందికట్టెను జానెడు జానెడు నఱికి పిడికెడంత కట్టలు కట్టినయెడల పొయ్యి రాజేయుటకు అంతకు మించినది లేదు. పత్తికట్టె విషయమున మాత్రము జాగ్రత్త యవసరము. విచ్చక మిగిలిన కాయలలో గులాబిరంగు పురుగు దాగియుండి మఱుసటి పైరునకు ప్రాకును. కాయలను దులిపి కాల్చిన తరువాతనే కట్టెను ఇంటికి తేవలెను.

ఇప్పుడు యంత్రముల సంగతి. యంత్రపు కంతు నెలకు 6,000 రూపాయలనియు, అన్ని ఖర్చులు పోగా కిలోకు అర్ధరూపాయి మిగులుననియు అనుకొనుడు. కంతు తీరుటకే నెలకు 12,000 కిలోలు, అనగా దినమునకు 400 కిలోలు అమ్మవలెను. అంత గిరాకి లేనివారు తొలియేడు గొడ్డలి, సమ్మెట, ఇనుప చీలలతోనే పని నడుపుట మేలు.

గిరాకి కలవారికి విద్యుత్తు మోటారుతో తిరుగు గుండ్రని రంపము అనుకూలము. నిమిషమునకు 1,440 చుట్లు తిరుగు మోటారునకు సమానమైన కప్పీలు వేసి, 60 సెంటీమీటర్ల బిళ్లను త్రిప్పినచో దాని అంచు సెకనునకు 45 మీటర్ల వేగమున పోవును. ఇది చాలు. త్వరగా కోయునని మోటారు కప్పీని రెట్టింపు చేసినయెడల వేగము 90 మీటర్లగును. బిళ్ల పగిలి తునకలు తుపాకి గుండ్లవలె ఎగురవచ్చును. బిళ్లమీద ముద్రించిన గరిష్ఠ వేగమును ఎన్నడును మీఱరాదు. కట్టెను చేతితో రంపము మీదికి త్రోయక, ముందువెనుకలకు జరుగు ఊయెలబల్లలో నుంచి కోయవలెను. అప్పుడు రెండు చేతులును పళ్లకు దూరముగ నుండును. పైకప్పు, పట్టీకి జాలి లేని యంత్రమును ఎంత చవుకయైనను కొనరాదు. కంచెలోని కట్టెను తీగ, మేకులకై తడవి చూడక రంపమునకు పెట్టరాదు.

పెట్రోలు గొలుసు రంపము చేనిలో కొమ్మలు కోయుటకు మంచిదే. దాని పట్టీ కొన పైభాగము కట్టెకు తగిలినచో యంత్రము ముఖముమీదికి ఎగిరిపడును. కొనతో కోయరాదు, భుజమునకు మించిన యెత్తున పట్టరాదు. మరతో మొద్దులు చీల్చు యంత్రమువద్ద పంచె కొంగు, చీర చెంగు, వదులు తువాలు ఉండరాదు. అట్టి మర బట్టను పట్టినచో మనిషిని విడువదు.

బోరు మోటారుకు వ్యవసాయము నిమిత్తమిచ్చు విద్యుత్తును దీనికి వాడరాదు, ప్రత్యేకముగా కనెక్షను పొందవలెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఉత్తరువు వెలువడినది మొదలు కోతమిల్లుల కట్టుబాట్లు కఠినమైనవి. మీరు పెట్టదలచిన రంపము ఆ లెక్కలోనికి వచ్చునో రాదో కొనకముందే అటవీశాఖవారివద్ద వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. కాటాకు తూనికలశాఖ ముద్ర వేయింపవలెను. రంపపు పొట్టును ప్రతి సాయంకాలము ఊడ్చి, మోటారుకు దూరముగ పోయవలెను. అడితిని గడ్డివాములకును పశువులకొట్టమునకును దూరముగ పెట్టి, రెండు పీపాలు నీరు, రెండు బొక్కెనలు ఎల్లప్పుడును అక్కడ నుంచుడు. ఆ బొక్కెనలను ఇంటిపనికి తీసికొనిపోవువారిని వారింపుడు.