సమావేశం ఎలా జరపాలి?

నేడు హాస్టల్ మెస్ కమిటీలోనైనా, రేపు ఉద్యోగంలోనైనా సమావేశాలు తప్పవు. గంటసేపు మాట్లాడుకొని, టీ తాగి, ఏమి తేలిందో తెలియకుండా లేచిపోతే అందరి కాలమూ వృథాయే.

సమావేశం జరిపే పద్ధతి మన తుని చుట్టుపక్కల పల్లెల్లోని డ్వాక్రా మహిళలను చూసి నేర్చుకోవచ్చు. 1982లో కేంద్రం ప్రారంభించిన డ్వాక్రా పథకం 1999లో వేరొక పథకంలో కలిసిపోయినా, ఆ పేరు మాత్రం ఊళ్లలో నిలిచిపోయింది. సంఘాల పంచసూత్రాలలో మొదటిది క్రమం తప్పని సమావేశం. తరువాతివి పొదుపు, అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఎవరికి అప్పు ఇవ్వాలో అందరి ముందే నిర్ణయించి, తీర్మానం రాసి, సంతకాలు పెట్టుకోవాలి. రూపాయి తమది కాబట్టి మాటకు విలువ ఉంటుంది.

మనమూ అలాగే చేద్దాం. చర్చించే అంశాలు మూడు నాలుగుకు మించకుండా ముందురోజే నోటీసు బోర్డులో పెట్టాలి. జూనియర్లను ముందుగా మాట్లాడించాలి. సీనియర్ అభిప్రాయం చెప్పేశాక చిన్నవాళ్లు నోరు విప్పరు. చివర ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా చేయాలో రాసుకోవాలి. వచ్చే సమావేశం ఆ పేజీ చదవడంతోనే మొదలుకావాలి.

ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ సమావేశంలో చివరి వరుసలో మౌనంగా కూర్చున్నవారిని పేరు పెట్టి పిలిచి అడగండి. ఒకప్పుడు మనమూ అక్కడ కూర్చున్నవాళ్లమే.