ఆదివారం కుర్చీ ఖాళీ లేదు!

ఆదివారం పొద్దున హన్మకొండలో, కాజీపేటలో ఏ సెలూన్‌కు వెళ్లినా ఒకటే మాట: ‘పది నిమిషాలు కూసో అన్నా!’ ఆ పది కాస్తా గంట ఎలా అవుతుందో, పేపరు మూడోసారి తిరగేసినవాళ్లకు తెలుసు.

మంగళవారం క్షవరం కూడదన్న పట్టింపుతో చాలా షాపులు ఆ రోజు తెరవరు. ఉద్యోగులకూ, బడిపిల్లలకూ తీరిక ఆదివారమే. దాంతో వారం గిరాకీ ఒక్క పూట మీద పడుతుంది. పైగా క్యాలెండరు లెక్కలు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు కత్తెర జోలికి రారు. మాఘమాసం ముహూర్తాలొస్తే మాత్రం పెళ్లికొడుకు వెంట బావమరుదులంతా దిగుతారు.

పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా ‘అన్నతోనే చేయించుకుంటా’ అని కూర్చునేవాళ్లు ఎందరో. అంత మంచి చేయున్న మాస్టర్‌కు కత్తిరించడం కంటే కాదనడమే కష్టం. ‘ఒక్క షేవింగే’ అంటూ వచ్చిన పాత గిరాకీని ముందు కూర్చోబెడితే వరుసలో ఉన్న కొత్తవాడు లేచిపోతాడు. ఆగమంటే పదేళ్ల పరిచయం ముఖం ముడుచుకుంటుంది.

అందుకే తెలివైనవాళ్లు ఫోన్‌లోనే ‘మీ ముందు నలుగురున్నారు’ అని ఉన్నమాట చెప్పేస్తారు. పెద్దవాళ్లను మధ్యవారంలో రమ్మంటారు. జుట్టుకు రంగు ఆదివారం ఒప్పుకోరు. అది ఆరేదాకా కుర్చీ కదలదు మరి!

2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు పథకం తెచ్చింది. బిల్లు సంగతి సరే, మధ్యాహ్నం మూడైనా అన్నం డబ్బా తెరవని ఆదివారాలు అలాగే ఉన్నాయి.

బుధవారం సాయంత్రం వెళ్లి చూడండి. కుర్చీ దొరుకుతుంది, తీరిగ్గా తలకు మర్దన కూడా.