ఇంటి గోడకు గంధమా, బిస్కెట్టా?

ఇంట్లో పెళ్ళి కుదిరినా, పండుగ దగ్గరపడినా గోడలకు రంగు వేయించాలనే మాట వస్తుంది. ఒకప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలిపితే సరిపోయేది. ఇప్పుడు దుకాణంలో షేడ్ కార్డు తెరిస్తే గంధం, బిస్కెట్ వంటి లేత రంగులే ఎన్నో కనిపిస్తాయి. “రెండూ ఒకటే కదండీ” అనే మాట మేము చాలా ఇళ్ళలో వింటుంటాము. గోడంతా వేశాక గానీ తేడా తెలియదు. అప్పటికి రంగు డబ్బులు, కూలి డబ్బులు అయిపోతాయి.

గంధం రంగులో పసుపు ఛాయ ఉంటుంది. బిస్కెట్ రంగులలో కొన్ని బూడిద వైపుకు, కొన్ని గులాబీ వైపుకు మొగ్గుతాయి. కార్డును తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే ఆ ఛాయ బయటపడుతుంది.

రంగు ఎంత వెలుతురును తిరిగి ఇస్తుందో తెలిపే అంకె ఒకటి ఉంది. నలుపుకు 0, తెలుపుకు 100. అయితే ఆ అంకె ఒక్కటే చాలదు. అమెరికాలోని షెర్విన్ విలియమ్స్ కంపెనీ రంగులనే చూడండి. ‘యాక్సెసిబుల్ బేజ్’కు 58, ‘కిలిమ్ బేజ్’కు 57. వెలుతురులో దాదాపు సమానమే. అయినా మొదటిది బూడిద వైపుకు, రెండవది గులాబీ వైపుకు మొగ్గుతుంది.

మన ఇళ్ళలోనూ అంతే. ఉత్తరపు కిటికీ మాత్రమే ఉన్న గదికి ఎండ తక్కువ. అక్కడ బూడిద ఛాయ మరింత మసకబారుతుంది, గంధం నయం. పడమటి ఎండ పడే గదిలో సాయంత్రానికి గంధం మరీ పచ్చగా కనిపిస్తుంది, అక్కడ బూడిద ఛాయ బిస్కెట్ రంగు హాయిగా ఉంటుంది. ఎర్ర గచ్చు ఉన్నచోట నేల ఎరుపు గోడ మీద పడుతుంది గనుక గులాబీ ఛాయ ఇంకా ఎర్రబడుతుంది.

కాబట్టి ముందుగా చిన్న డబ్బాలు రెండు తెచ్చుకోండి. రెండు పెద్ద తెల్ల అట్టలకు, చుట్టూ అంచు వదిలి, రెండేసి కోట్లు వేయండి. ఆరిన తర్వాత గోడకు ఆనించి ఉదయం, సాయంత్రం, రాత్రి లైటు వెలుగులో చూడండి. తొందరపడి ఒక్క పూటలో తేల్చవద్దు.

ఇంకొక మాట. ఆ గదిలో ఎక్కువసేపు గడిపేవారిని అడగండి. పిల్లలు అక్కడే చదువుకుంటారు. మంచం పట్టిన పెద్దవారు పగలంతా ఆ గోడనే చూస్తూ ఉంటారు. వచ్చిపోయే చుట్టాల మెప్పు కన్నా వారి కంటికి హాయి ముఖ్యం.