ఘాట్‌లో సిగ్నల్ లేనప్పుడు: ఆఫ్‌రోడ్ ట్రిప్‌కి ఏ వాకీటాకీ కొనాలి, అది మూగబోతే ఏం చూడాలి?

గత వర్షాకాలం చివర్లో మారేడుమిల్లి దగ్గర గుడిస కొండ దిగుతున్నాం. మొత్తం మూడు బండ్లు. ముందు మా సీనియర్ అన్న థార్, మధ్యలో నా జిమ్నీ, వెనకాల ఇంకో థార్. ముందు బండి మలుపు తిరిగి కనపడకుండా పోయింది. అక్కడ వానకి దారి అంచు కోసుకుపోయి ఉంది. అన్న వాకీటాకీలో "ఎవరూ ముందుకి రావద్దు, నేను రివర్స్ వస్తున్నా" అన్నాడు. వెనక బండి నుంచి "సరే అన్నా" అని జవాబొచ్చింది. ఆ సరే ఇద్దరిదీ అనుకున్నాడు ఆయన.

నాకైతే ఏమీ వినపడలేదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆయన బండి స్టెప్నీ, నా మీదకే వస్తోంది. ఇద్దరం బ్రేక్ తొక్కాం. రెండు బండ్ల మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా మిగిలింది.

సెట్ కొత్తదే. బ్యాటరీ ఫుల్. పొద్దున బయల్దేరేటప్పుడు టెస్ట్ కూడా చేశాం. మరి ఏమైంది? మధ్యలో టీకి ఆగినప్పుడు మా ఛానెల్‌లో ఎవరివో మాటలు వస్తున్నాయని పక్క సీట్లో ఉన్న మా కజిన్ "ప్రైవసీ కోడ్" పెట్టనా అన్నాడు. "పెట్టేయ్‌రా" అన్నాను. మా ఒక్క సెట్‌లోనే పెట్టాం. అంతే, ఆ క్షణం నుంచి నా మాటలు వాళ్లకి వెళ్తున్నాయి, వాళ్ల మాటలు నాకు రావట్లేదు. వినే సెట్ బాగానే పనిచేస్తున్నట్టు కనిపించే చెత్త బగ్ ఇది.

అందుకే ఈ ఆర్టికల్‌లో కొనడం గురించి ఎంత చెప్తానో, సెట్టింగ్స్ గురించి అంతకంటే ఎక్కువ చెప్తాను.

కొనే ముందు: ఏది లీగల్?

మన దేశంలో మామూలు జనం లైసెన్స్ లేకుండా వాడుకోగలిగే వాకీటాకీ బ్యాండ్ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. 2018 నిబంధనల్లో దీన్ని లైసెన్స్ నుంచి మినహాయించారు. అయితే మినహాయింపు వాడే మనకే. అమ్మే మోడల్‌కి మాత్రం ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. ప్రోడక్ట్ పేజీలో ఫ్రీక్వెన్సీ, ఈటీఏ వివరాలు రెండూ కనపడకపోతే ఆ ట్యాబ్ మూసేయండి. ఇలాంటి అమ్మకాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 మే నెలలో ఈ-కామర్స్ సైట్లకి ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది.

"బ్రో, బావోఫెంగ్ యూవీ-5ఆర్ తీసుకోవచ్చా? 5 వాట్లు, రేటు కూడా తక్కువ" అని చాలామంది అడుగుతారు. అది హ్యామ్ రేడియో వాళ్ల సెట్. పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లే, అదీ మన దగ్గర 144-146, 434-438 మెగాహెర్ట్జ్ లాంటి హ్యామ్ బ్యాండ్లలోనే వాడాలి. లైసెన్స్ లేని ఫ్రెండ్స్‌తో కాన్వాయ్ కబుర్లకి అది పనికిరాదు. పైగా ఆ సెట్ ట్యూన్ అయ్యే ఫ్రీక్వెన్సీల్లో వేరే సర్వీసులూ ఉంటాయి. తెలియక నొక్కినా తప్పు తప్పే.

అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కో తెచ్చే సెట్ల సంగతీ ఇంతే. అక్కడి ఎఫ్ఆర్ఎస్, జీఎమ్ఆర్ఎస్ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఇక్కడ ఆ బ్యాండ్లకి మినహాయింపు లేదు. అక్కడ ఉండి ట్రైల్స్‌కి వెళ్లేవాళ్లకి మాత్రం జీఎమ్ఆర్ఎస్ మంచి ఆప్షన్. పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే 10 ఏళ్ల లైసెన్స్, అదే లైసెన్స్ మీద కుటుంబం మొత్తం వాడుకోవచ్చు. కొన్ని ఛానెళ్లలో 50 వాట్ల దాకా పవర్ వాడొచ్చు కాబట్టి బండిలో బిగించే సెట్లు దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు అక్కడి 477 మెగాహెర్ట్జ్ యూహెచ్ఎఫ్ సీబీ తీసుకోవాలి. ఏ దేశంలో బండి నడుపుతున్నారో ఆ దేశపు సెట్ కొనాలి, అంతే.

డబ్బా మీద 10 కిలోమీటర్లు, ఘాట్‌లో ఎంత?

డబ్బా మీద రాసింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. చదునైన నేల మీద ఒకటిన్నర మీటర్ల ఎత్తులో పట్టుకున్న సెట్‌కి రేడియో హొరైజన్ దాదాపు 5 కిలోమీటర్లు. అవతల సెట్ కూడా అదే ఎత్తులో ఉంటే 5 ప్లస్ 5, మొత్తం 10. మధ్యలో చెట్టు, గుట్ట, ఇల్లు ఏదీ ఉండకూడదు. అలాంటి చోటు మారేడుమిల్లి అడవిలో ఎక్కడుంది?

446 మెగాహెర్ట్జ్ అలలు కొండని దాటి వంగవు, తడి ఆకులు వాటిని మింగేస్తాయి. మలుపుల దారిలో నాకు గట్టిగా ఒక కిలోమీటరు వచ్చింది, కొన్ని చోట్ల అర కిలోమీటరే. కొండ మీద వ్యూ పాయింట్ నుంచి కింద ఊళ్లో ఉన్న బండితో మాత్రం హాయిగా మాట్లాడాం. అదే సెట్, అదే అర వాటు. తేడా ఎత్తుదే.

పవర్ సంగతి కూడా లెక్కేద్దాం. అడ్డాలు లేని చోట పవర్ రెండింతలు చేస్తే రేంజ్ 1.4 రెట్లే పెరుగుతుంది. అడ్డాలుంటే అంత కూడా రాదు. కాబట్టి వాట్ల కోసం చట్టం దాటడం కంటే బండి దిగి నాలుగడుగులు గుట్ట ఎక్కడం మేలు.

కొనేటప్పుడు నేను చూసేవి

ఛానెళ్లు: ఈ బ్యాండ్‌లో పాత సెట్లకి 8, కొత్తవాటికి 16 ఉంటాయి. మొదటి 8 రెండిట్లోనూ కామన్. గ్రూపులో ఒక్క పాత సెట్ ఉన్నా 1 నుంచి 8 లోపే పెట్టుకోండి.

ఛార్జింగ్: టైప్-సీ ఉంటే కారు ఛార్జరే చాలు. మామూలు పెన్సిల్ సెల్స్ కూడా పట్టే మోడల్ అయితే ఇంకా మంచిది, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి.

మైక్: విడిగా వైరు మైక్ పెట్టుకునే సాకెట్ ఉండాలి. సెట్‌ని అద్దం దగ్గర ఎత్తులో క్లిప్ చేసి, మైక్ చేతి దగ్గర ఉంచుకోవచ్చు. కప్ హోల్డర్‌లో పడేస్తే చుట్టూ ఉన్న ఇనుము సగం సిగ్నల్‌ని అక్కడే ఆపేస్తుంది.

కీ లాక్, వాన తట్టుకునే బాడీ, గ్లోవ్స్‌తో కూడా నొక్కగలిగే పెద్ద బటన్: ఈ మూడూ స్పెక్ షీట్‌లో చిన్నవిగా కనిపిస్తాయి, దారిలో పెద్దవవుతాయి. వాక్స్, అంటే మాట వినగానే తనంతట తానే ఆన్ అయ్యే ఫీచర్‌కి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. ఇంజిన్ సౌండ్‌కే అది ఆన్ అయి ఛానెల్ మొత్తం జామ్ చేస్తుంది.

మూగబోతే: ఈ వరసలో డీబగ్ చేయండి

1. లైట్ చూడండి. అవతలివాళ్లు మాట్లాడుతుంటే మీ సెట్‌లో లైట్ వెలుగుతోంది, సౌండ్ మాత్రం లేదా? వాల్యూమ్ పెంచి చూడండి. అయినా లేకపోతే 10కి 9 సార్లు కోడ్ తేడానే. నాది ఇదే కేసు.

2. కోడ్ సున్నా చేయండి. ప్రైవసీ కోడ్ పేరుకే ప్రైవసీ. మాటతో పాటు చెవికి వినపడని సన్నటి టోన్ ఒకటి పంపుతుంది, ఆ టోన్ లేని మాటలు మీకు వినపడకుండా ఆపుతుంది. మీ మాటలు మాత్రం కోడ్ పెట్టనివాళ్లందరికీ వినపడతాయి. ఇంకో తిరకాసు, ఒక కంపెనీ కోడ్ 5, ఇంకో కంపెనీ కోడ్ 5 ఒకటే అని గ్యారంటీ లేదు. కోడ్ తప్పదనుకుంటే మాన్యువల్‌లో హెర్ట్జ్ విలువ చూసి కలపండి. వేర్వేరు బ్రాండ్లు కలిసి ఉంటే అందరూ సున్నా పెట్టుకోవడమే సుఖం.

3. లైటే వెలగట్లేదా? ఛానెల్ నంబర్ చూడండి. అది సరిగ్గానే ఉంటే దూరం, ఎత్తు, బ్యాటరీ ఈ వరసలో చెక్ చేయండి. కిటికీ దించి సెట్ బయటికి పెట్టి చూడండి.

4. గరగర వస్తోందా? ఇంజిన్ ఆపి వినండి. పోకపోతే ఛార్జర్, డ్యాష్‌క్యామ్, ఎల్ఈడీ లైట్ బార్ ఒక్కోటీ తీసేయండి. చవక ఛార్జర్లే ఎక్కువగా దొరికిపోతాయి.

5. మొదటి మాట తెగిపోతోందా? బ్యాటరీ ఆదా కోసం వినే సెట్ కునుకు తీస్తుంటుంది. బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడండి. "ఆగొద్దు"లో చివర తెగినా, "రావద్దు"లో చివర తెగినా అర్థం తలకిందులవుతుంది కాబట్టి, మాట పూర్తయ్యాక అర సెకను ఆగి బటన్ వదలండి.

6. కూత పెడుతోందా? పక్కపక్కనే రెండు సెట్లు ఆన్‌లో ఉన్నాయి. ఒకటి ఆపేయండి. టెస్ట్ కూడా పక్కపక్కన నిలబడి చేయొద్దు, కనీసం యాభై మీటర్లు దూరం వెళ్లండి.

సెట్ కంటే ముఖ్యమైనది

గుడిస తర్వాత మా గ్రూపులో రెండు రూల్స్ పెట్టుకున్నాం. ఒకటి, "ఆగండి" అన్న మాటకి ప్రతి బండీ తన నంబర్ చెప్పి జవాబివ్వాలి. "రెండు, ఆగాను." "మూడు, ఆగాను." ఒక్క నంబర్ తగ్గినా ముందు బండి కదలదు, ఎవరో ఒకరు దిగి నడిచి వెళ్తారు. రెండు, టీకి ఆగినా, టైరు మార్చినా, మళ్లీ బయల్దేరేముందు రెండు వైపులా టెస్ట్. ఎవరైనా సెట్టింగ్ మార్చాలనుకుంటే అందరికీ చెప్పి, అందరూ కలిసి మార్చాలి.

కోడ్ రాసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. అక్నాలెడ్జ్‌మెంట్ రానంతవరకు మెసేజ్ చేరినట్టు కాదు. ఆఫీసులో ఇది పాటించకపోతే ఒక టికెట్ రెయిజ్ అవుతుంది. ఘాట్‌లో ఏమవుతుందో ఆ రోజు ఒక మనిషి పట్టేంత దూరంలో చూశాను.

మొత్తానికి మా సలహా: 446 బ్యాండ్, ఈటీఏ ఉన్న సెట్, టైప్-సీ, వైరు మైక్. గ్రూపంతా ఒకే మోడల్ తీసుకుంటే సగం తలనొప్పులు తగ్గుతాయి. మిగతా సగానికి పైన చెప్పిన ఆరు స్టెప్పుల స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా గ్యాలరీ ఓపెన్ అవుతుంది కదా.