ఐదువందల యేండ్లనాటి వంటకము

ఇటలీ దేశ చరిత్రలో 15, 16 శతాబ్దములను పునరుజ్జీవన యుగమందురు. ఆ పేరు వినగానే మనకు గొప్ప చిత్రకారులు, శిల్పులు, కవులు జ్ఞప్తికి వత్తురు. వారందరును ప్రతిదినము భోజనము చేసినవారే కదా! వారు ఏమి భుజించిరి, దానిని ఎట్లు వండిరి అను సంగతి చరిత్ర పాఠములలో అంతగా కానరాదు. అయినను ఆనాటి వంటల గ్రంథములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వానిని చదివి, ఆ వంటకములను నేటి వంటయింట మరల వండి చూచు వేడుక పెక్కుమందికి కలదు. పుస్తకము ఎదుట పెట్టుకొని వండుటలో కష్టమేమున్నదని మీరనవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని.

1465 ప్రాంతమున రోము నగరమున మార్టీనో అను వంటవాడుండెను. అతడు లుడోవికో ట్రెవిజాన్ అను గొప్ప మతాధికారి కొలువులో పని చేసెను. తన విద్యను గూర్చి ఇటాలియను భాషలో ఒక గ్రంథము వ్రాసెను. దాని వ్రాతప్రతి యొకటి నేడు వాషింగ్టను నగరమందలి కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నది. ప్లాటీనా అను పండితుడు అందలి వంటకములను పెక్కింటిని లాటిను భాషలోనికి మార్చి తన గ్రంథమున చేర్చుకొనెను. 1475 నాటికే అది అచ్చుపడినది. తనకు పాకవిద్య నేర్పినవాడు మార్టీనో యని చెప్పుకొనుటకు ఆ పండితుడు సిగ్గుపడలేదు. ఈ సంగతి నాకు మిక్కిలి నచ్చినది.

మార్టీనో గ్రంథమునకు 2005లో ఒక ఇంగ్లీషు అనువాదము వెలువడినది. సెలవులకు వచ్చిన మా మనుమరాలు దానిని తెచ్చినది. అందులో బాదముపాలతో వండు అన్నమొకటి కంటబడగానే, "తాతయ్యా, ఇది మన పరమాన్నమువలెనే ఉన్నదే!" అని ఉత్సాహపడినది. పరమాన్నమునకు ఆవుపాలు కావలెను. మార్టీనో కాలమున క్రైస్తవులు ఉపవాస దినములలో మాంసమునే కాక పాలు, గ్రుడ్లు కూడ విడిచెడివారు. అందుచేత బాదముపాలకు అక్కడ అంత ప్రాముఖ్యము కలిగినది.

పదిమందికి ఒక పౌను బాదముపప్పు, అరపౌను బియ్యము, అరపౌను చక్కెర కావలెనని మార్టీనో వ్రాసినాడు. పౌను అనగా ఎంత? రోములో పౌను సుమారు 339 గ్రాములు. వెనీసు నగరమున చిన్న పౌను వేరు, పెద్ద పౌను వేరు. రెండును రోము పౌనుతో సరిపోవు. నేను కాగితముపై లెక్కలు వేయుచుండగా మా మనుమరాలు నవ్వి, "పౌను ఎంతయైన నేమి? బియ్యమునకు రెండింతలు బాదము, బియ్యముతో సమముగా చక్కెర. అంతే కదా!" అన్నది. నలువదేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆ మాట తోచలేదు. ఇంటిలో ఐదుగురము గనుక 170 గ్రాముల బాదము, 85 గ్రాముల బియ్యము, అంతే చక్కెర తూచితిమి.

ఇక బియ్యము సంగతి. ఉత్తర ఇటలీలో ఆ శతాబ్దముననే వరి సాగు వ్యాపించుచుండెను. మిలాను ప్రభువైన గలియాట్సో మరియా స్ఫోర్జా 1475లో ఫెరారా ప్రభువునకు 12 బస్తాల వరి విత్తనము పంపుచు లేఖ వ్రాసెను. నేడు ఆ ప్రాంతమున పండు బియ్యము పొట్టిగను లావుగను ఉండును. ఆనాటి గింజయు ఇదియే యని చెప్పుటకు వీలులేదు. బియ్యమును ముందు నీటిలో బాగుగా ఉడికించి, ఆరబెట్టి, తరువాత పాలలో మరల అరగంట ఉడికింపుమని గదా మార్టీనో చెప్పుట! మన సన్నబియ్యమైనచో జావ యగును. కావున లావుబియ్యమునే తీసికొంటిమి.

బాదమును నూరునపుడు మాటిమాటికి చన్నీళ్లు చిలుకరింపుమని గ్రంథమున ఉన్నది. అది రోటి కాలపు మాట, మిక్సీకి అక్కరలేదని నేనంటిని. పొట్టు తీసిన పప్పును గుప్పెడు పొడిగనే వేసి త్రిప్పితిమి. పప్పు నూనె విడిచి ముద్దగా గట్టిపడినది. నీరు పోయగా పైన నూనె తేలినదే గాని తెల్లని పాలు రాలేదు. మిగిలిన పప్పును నీరు చిలుకరించుచు నూరి, గుడ్డలో వడకట్టగా చక్కని పాలు వచ్చినవి. రోలు పోయి మిక్సీ వచ్చినను, బాదముపప్పులోని నూనె ఎక్కడికి పోవును?

అయితే ఆ పాలకు ఎంత నీరు చేర్చవలెనో మార్టీనో వ్రాయలేదు. అతడు వ్రాసినది వంట ఎరిగినవారికొరకు. మా తల్లిగారిని పులుసులో నీరెంత పోయవలెనని అడిగినచో "తగినంత" అనెడివారు. కాలము విషయమునను అంతే. రవియోలీ అను పిండివంటను నీటిలో ఎంతసేపు ఉడికింపవలెననగా, రెండుమారులు పరలోక ప్రార్థన చెప్పునంతసేపు అని మార్టీనో వ్రాసినాడు. వంటయింట గడియారము లేని ఆ రోజులలో, అందరికి కంఠస్థమైన ప్రార్థనకంటె మంచి కొలత ఏమున్నది? బాదముపాల అన్నమునకు మాత్రము అరగంట యని స్పష్టముగా చెప్పినాడు.

మేము 400 మిల్లీలీటర్ల పాలు తీసి గ్యాసు పొయ్యిమీద పెట్టితిమి. మంటకు దూరముగా బొగ్గులపై నుంచి, తరచుగా కలుపుమని గ్రంథము చెప్పుచున్నది. మంట తగ్గించితిమి గాని, నేను మాటలలో పడి కలుపుట మరచితిని. పావుగంటకే అడుగంటి పొగవాసన ఇల్లంతయు నిండినది. నా ధర్మపత్ని బాదముపప్పు ధరను మాకు గుర్తుచేసినది.

చిత్రమేమనగా, మార్టీనో ఈ ప్రమాదమును ముందే ఊహించి విరుగుడు కూడ వ్రాసినాడు. గిన్నె అడుగు కదల్పకుండ అన్నమును వేరొక శుభ్రమైన పాత్రలోనికి తీయవలెను. తెల్లని గుడ్డను మూడు నాలుగు మడతలు పెట్టి, చన్నీట తడిపి పిండి, పావుగంట సేపు దానిపై కప్పవలెను. మరల తడిపి మరల కప్పవలెను. అంతకంటె మంచి ఉపాయము తనకు తెలియదని అతడు చెప్పినాడు.

"గిన్నె మార్చినందువలన వాసన పోయినదో, గుడ్డవలన పోయినదో ఎట్లు తెలియును? రెండు గిన్నెలలోనికి తీసి ఒకదానికే గుడ్డ కప్పుదము" అని మనుమరాలు అడ్డుపడినది. అట్లే చేసితిమి. అరగంట తరువాత గుడ్డ కప్పినదానిలో వాసన తక్కువయని నాకు తోచినది. రెండును ఒక్కటేయని నా ధర్మపత్ని అన్నది. మనుమరాలు రెండు అభిప్రాయములను వ్రాసికొని, తన అభిప్రాయమును మాత్రము చెప్పలేదు.

మరునాడు 600 మిల్లీలీటర్ల పాలు తీసి మరల వండితిమి. నేను స్టూలు వేసికొని పొయ్యి ప్రక్కనే కూర్చుండి అరగంట కలిపితిని. ఏలకులు లేవు, నేయి లేదు. తెల్లగా, చిక్కగా, బాదము కమ్మదనముతో ఉన్నది. మార్టీనో వండినది ఇట్లే ఉండెనా యని నా ధర్మపత్ని అడిగినది. దగ్గరగా ఉండవచ్చునని మాత్రమే చెప్పితిని. ఆమె రెండవమారు వడ్డించుకొన్నది. మనుమరాలు పుస్తకపు అంచున, మార్టీనో విడిచిన చోట, పెన్సిలుతో "600" అని వ్రాసి, దాని ప్రక్కన ఒక ప్రశ్నార్థకము పెట్టినది.