బోర్డు ఉంది, లెక్కల పుస్తకం ఏదీ?

యువజన సంఘం అనగానే మన పల్లెల్లో ముందు కనిపించేది రోడ్డు పక్కన బోర్డు. దాని మీద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు. సంక్రాంతికి క్రికెట్ పోటీ, ఆగస్టు 15న జెండా. ఏలూరు నుంచి కైకలూరు దాకా, ఇటు తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇలాంటి బోర్డులు చాలానే చూశాం. కోశాధికారి దగ్గర లెక్కల పుస్తకం ఉందా అని అడిగితే మాత్రం కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఈ వారం ఆ పుస్తకం గురించే మాట్లాడుకుందాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలో పది జీవన నైపుణ్యాలను పేర్కొంది. పేర్లు పెద్దవే గాని విషయం మన ఇళ్ళలో పెద్దలు చెప్పేదే. నలుగురిలో నోరు విప్పి మాట్లాడగలగడం, కోపాన్ని ఆపుకోవడం, ఎదుటివారి కష్టాన్ని గ్రహించడం, చదివి సంతకం పెట్టడం, అవసరమైనచోట కాదనగలగడం. ఇవి ఉపన్యాసాలతో రావు. కుర్రవాడి చేతికి నిజమైన పని ఇచ్చి, దానికి అతనే జవాబు చెప్పేలా చేస్తే వస్తాయి.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1902లో గ్రాహం అనే పాఠశాలల పర్యవేక్షకుడు పల్లె పిల్లలను కూడగట్టి మట్టి పరీక్షలు, మొక్కజొన్న సాగు చేయించాడు. అదే తర్వాత ఫోర్ హెచ్ ఉద్యమమైంది. అక్కడ పిల్లవాడు తన మడికి తానే లెక్క రాసుకోవాలి. మన దేశంలో 1952లో సామాజికాభివృద్ధి పథకం, 1972లో నెహ్రూ యువకేంద్రాలు, 2023లో మేరా యువ భారత్ వచ్చాయి. పథకాలకు కొదవ లేదు. 1960-61లో సాంద్ర వ్యవసాయ పథకానికి దేశంలో మొదట ఎంపికైన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. ఏ పొలంలో ఏం వేయాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది రైతుచేత కాగితం మీద పెట్టించడం ఆ పథకంలో ముఖ్యమైన భాగం. అంటే కాగితం మీద లెక్క ఈ గడ్డకు కొత్త కాదు.

అది లేకపోతే ఏమవుతుందో కొల్లేరు చూపించింది. 1970వ దశకంలో ప్రభుత్వం లంక గ్రామాల పేదలకు సహకార సంఘాల ద్వారా చేపల చెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కాని చాలాచోట్ల ఆ చెరువులు లీజుల పేరుతో డబ్బున్న బయటివారి చేతికి పోయాయి. సంఘంలో పేరు ఒకరిది, చేపల డబ్బు మరొకరిది! 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు తెంచారు. పెట్టుబడి పెట్టినవాడు మరోచోట చెరువు తవ్వుకోగలడు. చెరువు మీద కూలి చేసుకు బ్రతికే లంకవాసి ఎక్కడికి పోతాడు? సరస్సును కాపాడాలా వద్దా అన్న వాదంలోకి మేము దిగడం లేదు, కాపాడవలసిందే. మా ప్రశ్న ఒక్కటే. సంఘం లీజు కాగితాన్ని సభలో పైకి చదివి వినిపించే యువకుడు ప్రతి ఊళ్ళో ఒక్కడైనా ఉండి ఉంటే, ఇంత సులువుగా చెరువులు చేతులు మారేవా?

మన కుటుంబాలకూ ఇది పరాయి విషయం కాదు. మన నూర్‌బాషా సోదరులు పరుపులు కుట్టుకుంటూ ఊరూరా తిరిగి బేరమాడతారు. మాట నేర్పు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. అదే వ్యక్తి కొడుకును కువైట్ పంపడానికి ఏజెంటు చూపిన చోట కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వంవారి ఈ-మైగ్రేట్‌లో నిమిషాల్లో తెలుస్తుంది. అప్పు ఒప్పందాలు రాసుకోవాలని చెప్పే ఆయతు (బఖరా 282) ఖురాన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైనదని ఎన్నిసార్లు విన్నాం! విన్నంతగా రాసుకోవడం లేదు.

ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇంట పుట్టిన అమ్మాయికి ముడి వేయడం తెలుసు. తాను నేసిన తివాచీ చివరికి ఎంతకు అమ్ముడుపోయిందని అడగడం ఎవరు నేర్పుతారు? యువజన సంఘాల బోర్డుల మీద ఆడపిల్లల పేర్లు వెతికినా దొరకవు. కూడేచోటు టీ కొట్టు, కూడే వేళ రాత్రి తొమ్మిది అయితే వాళ్ళెలా వస్తారు? బడిలోనో, అంగన్‌వాడీలోనో మగ్రిబ్‌కు ముందే ముగిసేలా సమావేశం పెడితే తల్లిదండ్రులకూ అభ్యంతరం ఉండదు. డ్వాక్రా సంఘాల్లో మన తల్లులు ఏళ్ళ తరబడి పొదుపు పుస్తకాలు నడుపుతూనే ఉన్నారు. కూతుళ్ళకు మొదటి గురువులు వాళ్ళే కావచ్చు.

పనికి కరవు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాలకు దారులు మునిగాయి. ఏ ఇంట నిండు గర్భిణి ఉంది, ఎవరికి ఇన్సులిన్ కావాలి, నడపగలిగే పడవలు ఎన్ని అన్న జాబితా వానాకాలానికి ముందే ఊరి యువజన సంఘం దగ్గర ఉండాలి. జాబితా రాయాలంటే ఇంటింటికీ వెళ్ళాలి, మాట్లాడాలి, విసుక్కున్నా ఓర్చుకోవాలి. పైన చెప్పిన నైపుణ్యాల్లో సగం ఈ ఒక్క పనితోనే అలవడతాయి. తాడేపల్లిగూడెం వైపు వారికైతే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం దగ్గరలోనే ఉంది. పదిమంది కలిసి వెళ్ళి కూరగాయల నారు పెంచడం అడిగి తెలుసుకోవచ్చు. ఖర్చు, రాబడి ఇద్దరు రాయాలి, మూడోవాడు సరిచూడాలి.

2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించుకోవడానికి ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ ఏడుగురిలో కోశాధికారిని ఏటా మార్చండి. పాతవారు కొత్తవారికి లెక్క అప్పగించేటప్పుడు, రూపాయి తేడా వచ్చినా సరే, అందరి ముందూ చదవాలి.