అన్నాలయ్యాక బిగ్ బాస్

రాసిపెట్టిన కథ లేకుండా, మనుషులు తమ పేర్లతోనే తెర మీదికి వచ్చి పోటీపడే కార్యక్రమాన్ని రియాలిటీ షో అంటారు. తెలుగులో అందరికీ తెలిసినవి రెండు రకాలు. ఒకటి పాటల పోటీ. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1996లో ఈటీవీలో మొదలుపెట్టిన ‘పాడుతా తీయగా’ దీనికి పెద్ద దిక్కు. రెండోది ఒకే ఇంట్లో కొందరిని ఉంచి, వాళ్ల సహవాసాన్నీ గొడవల్నీ చూపించే ‘బిగ్ బాస్’. ఇది 2017 జులై 16న స్టార్ మాలో మొదలైంది. మొదటిది చూస్తామని గొప్పగా చెప్పుకునేవాళ్లే రెండోదాని మాట వచ్చేసరికి “ఏదో ఛానెల్ తిప్పుతుంటే కనబడింది” అని తప్పించుకుంటారు.

ఈ మొహమాటం అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో కృష్ణా తీరంలో దివిసీమ కొసనున్న కోడూరు లాంటి ఊళ్లో తేలిగ్గా తెలుస్తుంది. ఈ మధ్య సీజన్లు సెప్టెంబరులో మొదలై డిసెంబరులో ముగుస్తున్నాయి. అంటే సార్వా వరి ఊడ్పులయ్యాక చేను పచ్చబడే రోజుల నుంచి, కోతకు ముందు చేలో మినుములు చల్లే రోజుల దాకా. పొద్దంతా చేలోనో రొయ్యల చెరువు గట్టునో గడిపి, అన్నాలు తిని ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. “ఆ పిల్ల తప్పేముంది, అతనే రెచ్చగొట్టాడు” అంటుంది మంచం మీది అత్త. “ఈవిడ మాత్రం తక్కువ తిందా అత్తయ్యా” అంటుంది వంటింటి గుమ్మంలోంచి, చేతిలో గిన్నెతోనే, కోడలు. ఇరుగింటి గొడవలో ఎవరిది తప్పో ఇంత గట్టిగా తేల్చబోతే తెల్లారేసరికి మాటలు ఆగిపోతాయి. టీవీలోని ఇంటి మీద ఎంత తీర్పు చెప్పినా ఊళ్లో ఎవరి మనసూ నొచ్చుకోదు. నమ్మకద్రోహం, ఓర్పు, పక్షపాతం గురించి అత్తాకోడళ్లు సమానంగా వాదించుకునే చోటు ఇళ్లల్లో అంత సులభంగా దొరకదు. ఈ షో ఇచ్చే అసలు ఆనందం అదే.

పోటీని కళ్లారా చూసి పక్షాలు కట్టడం కృష్ణా తీరానికి కొత్త కాదు. బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితుడిగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి, దివాకర్ల తిరుపతి శాస్త్రితో కలిసి తిరుపతి వేంకట కవులుగా ఊరూరా అవధానాలు చేశారు. అవధానంలో ముందుగా రాసుకున్నదేమీ ఉండదు. ప్రశ్నలడిగే పృచ్ఛకులు అప్పటికప్పుడు సమస్యలిస్తారు, అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డం పడతాడు, కవి తడబడతాడా నిలబడతాడా అని సభ ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఈ జంటకూ కొప్పరపు కవులకూ పోటీ ముదిరినప్పుడు అభిమానులు రెండుగా చీలారు. ఇక కలహం చూసి ముచ్చటపడటమంటారా, కూచిపూడి భామాకలాపంలో జనం కట్టిపడేసినట్టు కూర్చుని చూసింది సత్యభామ అలకనూ సవతి పోరునూ కాదా? ఈ షో నడిపినవాళ్ల మూలాలూ ఈ తీరానివే. బిగ్ బాస్ తొలి సీజన్ నడిపిన జూనియర్ ఎన్టీఆర్ తాతగారిది నిమ్మకూరు. మూడో సీజన్ నుంచి నడుపుతున్న నాగార్జున తండ్రి అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ దగ్గరి రామాపురం. ఆడవేషాలు కట్టి నాటకాల్లో పేరు తెచ్చుకున్న ఆయన కట్టిన అన్నపూర్ణ స్టూడియోలోనే తర్వాత బిగ్ బాస్ ఇల్లు వెలిసింది.

షో తయారయ్యే తీరు తెలిస్తే మోసపోతున్నామన్న దిగులు కూడా తగ్గుతుంది. ఈ నమూనా 1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’ పేరుతో పుట్టింది. ఇంట్లో ఇరవైనాలుగు గంటలూ కెమెరాలు తిరుగుతాయి, మామూలు రోజుల్లో టీవీ ఎపిసోడ్‌లో మనకు అందేది సుమారు గంట. మిగతాదంతా ఎపిసోడ్ ఎడిటింగ్‌లో పోతుంది. పొద్దున్నుంచీ సర్దుకుపోయిన మనిషి సాయంత్రం ఒక్కమాట తూలితే ప్రోమోలో ఆ ఒక్కమాటే వస్తుంది. ఎవరిని బయటికి పంపాలో పేర్లు చెప్పించే నామినేషన్లు, కెప్టెన్సీ టాస్కులు, మధ్యలో కొత్తవాళ్లను దింపే వైల్డ్ కార్డ్ ఎంట్రీలు కుంపటి ఆరకుండా విసిరే విసనకర్రలు. గొడవకు చోటు కల్పించేది షో వాళ్లే, అందులో మనిషి బయటపెట్టే కోపం మాత్రం చాలాసార్లు అతనిదే. ఈ రెండూ గుర్తుంటే చూడటం ఇంకా రుచిస్తుంది.

తప్పు చేస్తున్నామన్న భావన పనికొచ్చేది కూడా కాదు. 2014లో జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు 471 మంది మీద చేసిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది. పనితో బాగా అలసిపోయినవాళ్లు టీవీ చూడటాన్ని పని ఎగ్గొట్టడంగా తలచి నొచ్చుకున్నారు, అందువల్ల వాళ్లు సేదదీరడం కూడా తగ్గింది. విశ్రాంతి అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లకే అది తక్కువగా దక్కిందన్నమాట.

షో మీద అభ్యంతరాలు లేకపోలేదు. 2022లో అశ్లీలత ఆరోపణ మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. పిల్లలు పక్కనుంటే ఏ సన్నివేశం దగ్గర ఛానెల్ మార్చాలో పెద్దలే చూసుకోవాలి. అంతకన్నా పట్టించుకోవలసింది అభిమానం హద్దు మీరడం. 2023 డిసెంబరు 17న ఏడో సీజన్ ఫైనల్ అయిన రాత్రి స్టూడియో బయట అభిమానులు గొడవకు దిగితే ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి, పోలీసు కేసులయ్యాయి. నచ్చని కంటెస్టెంట్‌నూ ఇంట్లోవాళ్లనూ ఫోన్లలో బూతులు తిట్టేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉన్నారు. తెర మీద కనబడేది రోజులో ఒక ముక్కే అయినా, ఆ తిట్లు చదువుకునేది ఇంటికి తిరిగొచ్చిన మనిషి.